స్పైక్ లాంటివాడే కావాలనిపిస్తే

ప్రశ్న: నా వయసు 27. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మా తమ్ముడి పుణ్యమా అని పాత జపనీస్ అనిమేలు చూడటం అలవాటైంది. ‘అషితా నో జో’లో జో, ‘కెప్టెన్ హార్లాక్’లో హార్లాక్, ‘కౌబాయ్ బీబాప్’లో స్పైక్ అంటే ప్రాణం. ముగ్గురూ ముభావులే. ముగ్గురికీ లోకంతో ఏదో ఒక పేచీ ఉంది. ఇంట్లో నాకు సంబంధాలు చూస్తున్నారు. పోయిన నెల ఒకబ్బాయి వచ్చాడు. మంచివాడు, సరదాగా మాట్లాడతాడు, మా నాన్నని కూడా నవ్వించాడు. నాకు మాత్రం ఏమీ అనిపించలేదు. మా ఆఫీసులో ఇంకొకతను ఉన్నాడు. ఎవరితోనూ కలవడు, టెర్రస్ మీద ఒక్కడే నిలబడి సిగరెట్ కాలుస్తుంటాడు. అతన్ని చూస్తే స్పైకే గుర్తొస్తాడు. స్పైక్‌లో నాకు బాగా నచ్చేది, అతను ఎవరికీ సంజాయిషీ ఇవ్వడు. ‘బొమ్మల్లో మొగుణ్ణి వెతుక్కుంటున్నావా’ అని నా ఫ్రెండ్ తిడుతోంది. అమ్మైతే ‘మనింట్లోకి దేవదాసులు వద్దు’ అంది. నాలో ఏదైనా లోపం ఉందా? ఆ సంబంధానికి ఏం చెప్పమంటారు?
— ఒక పాఠకురాలు

జవాబు:

లోపమేమీ లేదు. ఉందనుకుంటే అది మీ ఒక్కరితో ఆగదు, 1970 నాటి జపాన్ కుర్రకారులో సగం మందికి అంటగట్టాలి. ఆ ఏడాది మార్చి 24న టోక్యోలో, కోదాన్షా ప్రచురణ సంస్థ హాల్లో ఒక సంతాప సభ జరిగింది. చనిపోయిన మనిషి రికీషి తోరు, జోకి ప్రత్యర్థి అయిన బాక్సర్. అంటే మాంగాలో, జపనీస్ బొమ్మల కథలో, ఒక పాత్ర! కవి, నాటకకర్త తెరాయామా షూజీ పూనుకుని ఆ సభ పెడితే దాదాపు 700 మంది వచ్చారు. హాల్లో బాక్సింగ్ రింగ్ వేశారు, బౌద్ధ భిక్షువు వచ్చి సూత్రాలు చదివాడు. వారం తిరిగేసరికి, మార్చి 31న, రెడ్ ఆర్మీ అనే అతివాద వామపక్ష వర్గానికి చెందిన తొమ్మిది మంది కుర్రాళ్ళు ఒక ప్రయాణికుల విమానాన్ని హైజాక్ చేసి ఉత్తర కొరియాకి తీసుకుపోయారు. వెళ్తూ వెళ్తూ వదిలిన ప్రకటనలో ‘మేమే అషితా నో జో’ అని రాసుకున్నారు. ఆ మర్నాడు, ఏప్రిల్ 1న, జో అనిమే మొదటి ఎపిసోడ్ టీవీలో వచ్చింది. వాళ్ళతో పోలిస్తే మీరు చేసిందేముంది? ఒక పెళ్ళి సంబంధం దగ్గర తటపటాయించారు, అంతే కదా.

అసలు జోలో అంత పిచ్చెక్కించేది ఏముందో చూడండి. తల్లీతండ్రీ లేనివాడు. అబద్ధాలాడతాడు, చందాల పేరు చెప్పి జనాన్ని మోసం చేస్తాడు, బాలనేరస్థుల గృహానికి పోతాడు. అతను తేలిన చోటు టోక్యోలో రోజుకూలీలు తలదాచుకునే సాన్యా పేట. అక్కడ నమిదాబాషి వంతెన కింద, తాగుబోతు మాజీ బాక్సర్ దాన్‌పే రేకులూ చెక్కలూ పోగేసి కట్టిన జిమ్ ఒకటి, అదే అతని ఇల్లు. అదే 1970 మార్చిలో ఒసాకాలో ప్రపంచ ప్రదర్శన మొదలైంది. దేశమంతా భవిష్యత్తు గురించి మాట్లాడుతోంది. ఆ భవిష్యత్తుకి కాంక్రీటు మోసినవాళ్ళు ఉండేది మాత్రం సాన్యా లాంటి చోట్లే. అందరూ నవ్వుతూ ఫొటోలు దిగుతున్నప్పుడు ముఖం మాడ్చుకుని నిలబడినవాడు ఒక్కోసారి నిజాయితీపరుడిలా కనిపిస్తాడు. అందుకే ఆ కుర్రాళ్ళు అతన్ని అంతగా సొంతం చేసుకున్నారని నా అభిప్రాయం.

ఇక మీకు ఎందుకు నచ్చాడన్నది. దానికి ముందు కాస్త డబ్బుల సంగతి చెప్పుకోవాలి. మీరు ప్రేమించే ఆ మౌనంలో సగం బడ్జెట్ లేకపోవడం వల్ల వచ్చింది.

1963లో తెజుకా ఒసాము తన ముషి స్టూడియోలో ‘ఆస్ట్రో బాయ్’ని వారానికో అరగంట చొప్పున టీవీకి ఇవ్వడం మొదలుపెట్టాడు. సెకనుకి 24 ఫ్రేములకీ కొత్త బొమ్మ గీస్తే వారానికి ఒకటి తేలదు. అందుకని ఒక్కో బొమ్మని మూడు ఫ్రేములపాటు నిలబెట్టారు, అంటే సెకనుకి ఎనిమిదే బొమ్మలు. అదీ కుదరనప్పుడు మనిషిని కదలకుండా ఉంచి పెదాలు మాత్రం ఆడించారు. ఇంకా కుదరకపోతే ఒక్క బొమ్మనే గీసి కెమెరాని దాని మీదుగా మెల్లగా జరిపారు. ఆ స్టూడియోలో పని నేర్చుకున్నవాడే దెజాకి ఒసాము. 26 ఏళ్ళ వయసులో ‘జో’ సిరీస్‌కి దర్శకుడయ్యాడు. మిగతావాళ్ళు కక్కుర్తిగా వాడుకున్న ఉపాయాన్ని ఇతను కళ చేసి కూర్చోబెట్టాడు. పతాక ఘట్టంలో కదలికని టక్కున ఆపేస్తాడు. ఆ క్షణం చేత్తో వేసిన వర్ణచిత్రంలా గడ్డకట్టి నిలుస్తుంది. తర్వాత అదే అతని సంతకం అయిపోయింది.

కదలని ముఖం ఎంత పని చేస్తుందో ఆలోచించండి. జో ముంగురులు కళ్ళ మీద పడి ఉంటాయి. హార్లాక్‌కి ఒక కంటి మీద నల్ల పట్టీ, చెంప మీదుగా గాటు. స్పైక్ నాటికి, అంటే 1998కి, డబ్బూ పనితనమూ రెండూ పెరిగాయి, అయినా జుట్టు కళ్ళ మీదే, చేతులు జేబుల్లోనే, వీపు గూనిగానే. ముగ్గురూ మనకి సగం ముఖమే ఇస్తారు. మిగతా సగం మనం పూరిస్తాం. దేనితో పూరిస్తాం? మన దగ్గర ఉన్నదానితోనే. ఆదివారం అమ్మతో పడ్డ గొడవ, అప్రైజల్‌లో మింగిన మాట, ఎవరికీ చెప్పుకోని అలసట, అన్నీ ఆ ముఖంలోకి వెళ్ళి కూర్చుంటాయి. తర్వాత ‘ఇతను నన్ను అర్థం చేసుకున్నాడు’ అనిపిస్తుంది. మీరు పెట్టినవే మీకు తిరిగి కనపడుతున్నాయి మరి. బాగా నవ్వే, బాగా మాట్లాడే ముఖంలో అలా మనది పెట్టుకునే చోటు ఉండదు. పోయిన నెల వచ్చిన అబ్బాయి దగ్గర మీకు ఏమీ అనిపించకపోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు. పాపం అతని తప్పేం లేదు.

పైగా స్పైక్ మాట్లాడని చోటల్లా యోకో కన్నో సంగీతం మాట్లాడుతుంది. అతనికి ఎక్కడ నొప్పో శాక్సఫోన్ చెప్పేస్తుంది. వర్షం, గులాబీ, పాత ఫ్లాష్‌బ్యాకులు, అన్నీ మనకే చూపిస్తారు. అంటే స్పైక్ మౌనంగా ఉన్నది తన అంతరిక్ష ఓడలో ఉన్నవాళ్ళతో, మనతో కాదు. మీ టెర్రస్ మనిషికి ఆ సౌకర్యం లేదు. అతని వెనక శాక్సఫోన్ వినపడుతోందంటే అది మీరు మనసులో పెట్టుకున్నది. అతనికి నిజంగా పాత గాయాలే ఉండొచ్చు, ప్రొడక్షన్‌లో తెగని బగ్గే ఉండొచ్చు. సిగరెట్‌ని బట్టి చెప్పలేం.

స్పైక్‌తో ఒకే ఓడలో బతికినవాళ్ళ వైపు నుంచి ‘బీబాప్’ ఇంకోసారి చూడండి, ముఖ్యంగా జెట్ వైపు నుంచి. మాజీ పోలీసు, ఒక చెయ్యి యంత్రం, వంటా లెక్కలూ ఓడ మరమ్మతులూ అన్నీ ఆయనే. మొదటి ఎపిసోడ్‌లోనే క్యాప్సికమ్, బీఫ్ కూర అని వడ్డిస్తాడు, తీరా చూస్తే అందులో బీఫ్ ఉండదు, కొనడానికి డబ్బుల్లేవు. ఇరవై ఆరు ఎపిసోడ్లు ఆయన స్పైక్ కోసం ఎదురుచూడటం, అలగడం, మళ్ళీ వండటం. చివరికి స్పైక్ వచ్చి తింటాడు, ఒక పిల్లి కథ చెబుతాడు, ఇద్దరూ నవ్వుకుంటారు, లేచి వెళ్ళిపోతాడు. ఆ తర్వాత అదే ఓడలో ఉండే అమ్మాయి ఫే తుపాకి గురిపెట్టి దారికి అడ్డం నిలుస్తుంది. ఎక్కడికి పోతున్నావు, ఎందుకు పోతున్నావు అని అడుగుతుంది. అప్పుడు మొదటిసారి స్పైక్ తన కళ్ళ సంగతి చెబుతాడు. ఒక కన్ను కృత్రిమం, ఒక కంట్లో గతం, ఇంకో కంట్లో వర్తమానం కనపడుతుందంటాడు. ఎంత బాగుంటుందో ఆ సీను! కానీ ఎప్పుడు చెప్పాడు? గుమ్మం దాటి పోయేటప్పుడు. ఫేకి మిగిలింది కప్పు వైపు తుపాకి పేల్చుకోవడం. స్పైక్ అంటే నాకూ ఇష్టమే, కానీ ఆ సీనులో నేను ఫే పక్షం.

జో కథలో దీనికి జోడీ లాంటి సీను ఒకటి ఉంది. కిరాణా కొట్టువాళ్ళమ్మాయి నోరికో జోతో కలిసి నడుస్తూ అడుగుతుంది. నీ వయసు పిల్లలంతా సరదాగా తిరుగుతుంటే నీకీ జిమ్ము, చెమట, రక్తం తప్ప ఏమీ లేదు, ఇది బాధగా లేదా అని. జో జవాబు జపాన్‌లో అందరికీ కంఠతా వచ్చినంత ప్రసిద్ధం. సగం సగం పొగలు కక్కుతూ బతకడం నాకు చేతకాదు, ఒక్క క్షణమైనా ఎర్రగా భగ్గుమని మండాలి, తర్వాత తెల్ల బూడిద తప్ప ఏమీ మిగలకూడదు అన్న అర్థంలో చెబుతాడు. అందరూ ఆ జవాబునే తలుచుకుంటారు. నేను నోరికో తర్వాత అన్న మాటని గుర్తుపెట్టుకోమంటాను. నువ్వు చెప్పేది కొంత అర్థమవుతోంది కానీ నేను నీ వెంట రాలేను అంటుంది. ఏడుపు లేదు, శాపనార్థాలు లేవు. ఆ అమ్మాయి చివరికి పెళ్ళి చేసుకునేది జో స్నేహితుడు నిషిని. బరువు తగ్గాల్సిన రోజుల్లో ఆకలికి ఆగలేక రాత్రిపూట దొంగచాటుగా ఉదోన్ నూడుల్స్ తింటూ జోకి దొరికిపోయిన నిషి. బాక్సింగ్ వదిలేసి నోరికోవాళ్ళ కొట్లోనే పనికి కుదురుకున్న నిషి. చూసేవాళ్ళు చాలామంది అతన్ని వెక్కిరిస్తారు. నాకైతే ఆ కథలో తన ఆకలి సంగతి తనకి తెలిసినవాడు అతనొక్కడే అనిపిస్తుంది.

ఇదంతా విని మీ ముగ్గురు హీరోలూ ఉత్త పనికిమాలినవాళ్ళని నేనంటున్నాననుకోకండి. ముభావంగా ఉండటం ఒక్కటే అయితే వాళ్ళు ఇన్నేళ్ళు నిలిచేవాళ్ళు కాదు. హార్లాక్‌నే తీసుకోండి. అంతరిక్షంలో తిరిగే ఓడదొంగ, మత్సుమోతో లెయిజీ సృష్టి, 1978లో వచ్చిన 42 ఎపిసోడ్ల సిరీస్. కాలం 2977. భూమ్మీద జనం టీవీ ముందు సోమరుల్లా పడి ఉంటారు, ప్రభుత్వానికి బుద్ధి లేదు, హార్లాక్‌ని దేశద్రోహి అంటుంది. అతను మాత్రం అదే భూమిని మజోన్‌లనే గ్రహాంతర శత్రువుల నుంచి కాపాడుతుంటాడు, ఎవరి మెప్పూ అడగడు. పట్టుబడే ప్రమాదం ఉన్నా భూమ్మీదకి దిగి వస్తుంటాడు. ఎందుకు? చనిపోయిన స్నేహితుడు తోచిరో కూతురు మాయు అనాథాశ్రమంలో ఉంది. ఆ పిల్లని చూసుకుంటానని మాటిచ్చాడు. అతని ఓడ ఆర్కేడియాలో క్రమశిక్షణ అనేదే కనిపించదు. డిప్యూటీ స్థాయి మనిషి యత్తారన్ పిలిస్తే పలకడు, ప్లాస్టిక్ మోడల్స్ అతికించుకుంటూ ‘నేను బిజీ’ అంటాడు. హార్లాక్ ఏమీ అనడు. యుద్ధం వచ్చిందంటే అందరూ ఎవరి చోట వాళ్ళుంటారు. తన మౌనాన్ని ఎదుటివాళ్ళ మీద కత్తిలా వాడని మనిషి అతను. ఈ ముగ్గురిలో ఒకరితో కాఫీ తాగమంటే నేను అతనితోనే తాగుతాను. (‘గండమ్’లో చార్‌ని మీరు జాబితాలో చేర్చనందుకు సంతోషం. 1979లో పగ పేరుతో స్నేహితుడు గార్మానే చావుకి పంపాడు, 1988 సినిమాకి వచ్చేసరికి భూమ్మీదకి గ్రహశకలాన్నే తోయబోయాడు. ముసుగు బాగుంటుంది, ఒప్పుకుంటాను.)

ఇక మీ ఉత్తరంలో నన్ను ఆపిన వాక్యం. ‘అతను ఎవరికీ సంజాయిషీ ఇవ్వడు’ అన్నారు. స్పైక్ కళ్ళు బాగుంటాయనో, పాత ప్రియురాలు జూలియాని అంతలా ప్రేమించాడనో అనలేదు. అలాంటి మనిషి నన్ను ప్రేమిస్తే బాగుండునని కూడా ఎక్కడా రాయలేదు. స్పైక్ వయసు కూడా 27 అని మీకు తెలిసే ఉంటుంది. ఆ 27 ఏళ్ళ మనిషి ఎక్కడికి పోతున్నాడో, ఎందుకు ఆలస్యమైందో, ఎప్పుడు స్థిరపడతాడో అడిగే పెద్దలు లేరు. 27 ఏళ్ళ మిమ్మల్ని మాత్రం వారానికోసారి ఎవరో ఒకరు అడుగుతున్నారు. మీకు అతని పక్కన ఉండాలని లేదనుకుంటాను, అతని స్థానంలో ఉండాలని ఉంది. ఇది పెళ్ళి సమస్య కాదు. కనీసం ముందుగా కాదు. ఆ సంబంధం కుర్రాడూ, టెర్రస్ కుర్రాడూ ఇద్దరూ ఇందులో అనవసరంగా ఇరుక్కున్నారు.

కాబట్టి మీ తమ్ముడు ఇచ్చిన లిస్టుకి నా వైపు నుంచి రెండు చేర్పులు. ఒకటి, ‘బీబాప్’ 18వ ఎపిసోడ్, 24వ ఎపిసోడ్ ఫే కోసం మళ్ళీ చూడండి. మొదటి దాంట్లో చిన్నప్పుడు తనకి తనే పంపుకున్న పాత వీడియో టేపు చేతికొస్తుంది, అందులో ఉన్న పిల్ల ఎవరో తనకే గుర్తులేదు. రెండో దాంట్లో తన ఇల్లు వెతుక్కుంటూ వెళ్తే శిథిలాలు ఉంటాయి. కర్రతో నేల మీద తన మంచం ఉన్నంత మేర గీత గీసుకుని అందులో పడుకుంటుంది. గతం పోగొట్టుకుని, అప్పులు నెత్తిన పెట్టుకుని, ఎవరినీ నమ్మకుండా తిరిగే యాంటీహీరో అంటే ఆవిడ కూడా కదా! మనమెవరం ఆవిడ పోస్టరు గోడకి పెట్టుకుని ‘అబ్బా, ఏం ముభావం’ అనలేదు. రెండు, ఎమరాల్డస్. హార్లాక్ ప్రపంచంలోనే ఉంది. ముఖాన గాటు, సొంత ఓడ, సొంత జెండా. తోచిరోని ప్రేమించింది, మాయుకి తల్లి, అయినా ఓడ ఎవరికీ అప్పజెప్పలేదు. 1998లో మొదలైన ఆవిడ సొంత సిరీస్ నాలుగు ఎపిసోడ్లే. ఒక ఆదివారం చాలు.

ఇంకో ఆదివారం అమ్మతో మాట్లాడండి. ‘ఆ అబ్బాయి నచ్చలేదు’ అని చెప్పకండి, మీకు నిజంగా తెలియదు కదా. ‘ఆరు నెలలు సంబంధాలు ఆపండి. ఎందుకని అడగొద్దు, ఆరు నెలల తర్వాత నేనే వచ్చి మాట్లాడతాను’ అనండి. కారణాలు చెప్పడం మొదలుపెడితే మీకు వాదన తప్పదు, ఒక్కో కారణానికీ అమ్మ దగ్గర ఒక్కో జవాబు ఉంటుంది. ఆరు నెలల తర్వాత మాత్రం మాట నిలబెట్టుకోండి. హార్లాక్‌కి సంజాయిషీ ఇవ్వని హక్కు ఉందంటే, చెప్పిన వేళకి చెప్పిన చోట కనిపిస్తాడు కాబట్టే. అమ్మ మొదటి రోజు ఏడవొచ్చు, పిన్నికి ఫోన్ చేయొచ్చు. గొంతు పెంచకండి.

ఆ అబ్బాయికి మాత్రం నేరుగా మీరే ఒక మెసేజ్ పెట్టండి, మధ్యవర్తుల ద్వారా వద్దు. ఇప్పుడు నిర్ణయం తీసుకునే స్థితిలో లేనని, మీ కోసం ఆగక్కర్లేదని రాయండి. మర్యాద అంటే అది. ఒకవేళ అతన్ని ఇంకోసారి కలవాలనిపిస్తే, ఇంట్లోవాళ్ళు లేకుండా కలవండి. అత్తమామలు కాబోయేవాళ్ళ ముందు కూర్చున్న మనిషి సరదాగా ఉండక ఏం చేస్తాడు? అతని ముఖంలో మీకు చూపించని సగం ఏమిటో మీరూ చూడలేదు.

టెర్రస్ మనిషి విషయం తేలికైనదే. ఒకరోజు టీకి పిలవండి. వస్తే అతని ఊరు, అతని పని, అతని గోల వినండి. మీకు ఏదైనా చెప్పినప్పుడు అది చేస్తాడా లేదా అన్నది నెలరోజుల్లో తెలిసిపోతుంది. అతనికి మాట్లాడటం ఇష్టం లేకపోతే ఆ ఇష్టాన్ని గౌరవించి మీ సీటుకి మీరు వచ్చేయండి, ఆ మౌనం వెనక ఏముందో తవ్వే డ్యూటీ మీకు ఎవరూ వేయలేదు. అతను తోడుకి సిగరెట్ ఇవ్వబోతే వద్దనండి.